ఎడమ మూల ఎవరిది?

మొన్న ఆదివారం సాయంత్రం మన కోడూరు కుర్రాళ్లు కబడ్డీ ప్రాక్టీసు మ్యాచ్ ఓడిపోయారు. సంక్రాంతి పోటీలకి ముందు ఒళ్లు సవరించుకోడానికి పెట్టుకున్న ఆట. కప్పు లేదు, డబ్బు లేదు, మైకు కూడా లేదు. నాగాయలంక వైపు నుంచి ఓ జట్టు బళ్ల మీద వచ్చింది, ఆడింది, తొమ్మిది పాయింట్ల తేడాతో గెలిచింది, మన డబ్బుల్తోనే టీ తాగి వెళ్లిపోయింది. జరిగింది అంతే.

కానీ సోమవారం పొద్దున ఆరున్నరకల్లా బస్టాండు దగ్గర గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ కోచ్ అయిపోయాడు. ఎరువుల కొట్టాయన, టైలరు, ఆటో తోలే ముగ్గురు, రిటైరైన మాస్టారు ఒకరు, చేలోకి వెళ్తూ ఆగిన ఇద్దరు. పంచాయతీ అరగంట నడిచింది. తీర్పు ఏకగ్రీవం. "మన కూత బాగుంది, పట్టు బాలేదు. ఆ ఎడమ కార్నర్లో పిల్లోణ్ణి తీసెయ్యాలి. పాతాయన్ని మళ్లీ దింపాలి."

ఈ వారం నా కాలమ్ ఆ తీర్పు మీద అప్పీలు. నేను లాయర్ని కాదు గానీ, వీడియో నా దగ్గరుంది.

బయటి ఊళ్ల పాఠకుల కోసం ముందు నాలుగు ముక్కలు చెప్పాలి. మా దివిసీమలో వరి కోతకి కొద్ది రోజుల ముందే చేలో మినుములు చల్లేస్తారు. కోసిన చేను చూడ్డానికి ఖాళీగా ఉంటుంది గానీ కింద మినుము మొలుస్తూ ఉంటుంది. అందులో దిగి కబడ్డీ ఆడితే ఏ రైతు ఊరుకుంటాడు? అందుకని కుర్రాళ్లకి మిగిలేది చెరువు పక్కన ఆ కాస్త జాగా. పోనీ ఆడేవాళ్లు ఊళ్లో ఉంటారా అంటే, సగం మంది ఉండరు. హైదరాబాదులో, విజయవాడలో పనులు. కోడూరుకి రైలు లేదు కాబట్టి కొందరు రేపల్లెలో దిగి పులిగడ్డ వంతెన దాటి వస్తారు, మిగతావాళ్లు బస్సుల్లో అవనిగడ్డ మీదుగా వస్తారు. శనివారం రాత్రి చేరి, ఆదివారం ఆడి, ఆ రాత్రికే మళ్లీ బస్సెక్కేస్తారు. మన జట్టు అంటే ఇదీ. ఏడుగురూ ఒకచోట చేరి పట్టుమని మూడు వారాలు ప్రాక్టీసు చేసిన సంక్రాంతి నాకైతే గుర్తు లేదు.

సరే, టీ కొట్టు దగ్గరికి వద్దాం. మాస్టారి వాదన ఇది: "మా రోజుల్లో ఈ ముప్పై సెకన్లు ఎక్కడియ్యిరా? ఊపిరి ఉన్నంతసేపూ కూతే. పట్టుకునేవాడు కూడా అట్టాగే కాచుకుని ఉండేవాడు. ఇప్పటి పిల్లలకి ఆగడం తెలీదు." ఆయన ఉప్పెనకి ముందు నుంచీ చెడుగుడు ఆడినవారు. 1977 నవంబరు 19. మా ఊళ్లల్లో కాలానికి ఇప్పటికీ అదే గీత, పెద్దవాళ్లు పెళ్లిళ్లయినా పొలం కొనుగోళ్లయినా ఉప్పెనకి ముందా తర్వాతా అనే చెబుతారు. ఆయన మాటలో సగం నిజం ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

టైలరు మాట వేరు. "వాడు అరవై కేజీలు లేడు మావా. ఆ వచ్చినోడు ఎద్దులా ఉన్నాడు. కొలతలు తీసేవాణ్ణి, నాకు తెలీదా?"

ఆటో అబ్బాయి ఒకడైతే ఏకంగా జాతకం దాకా వెళ్లాడు. అది వదిలేద్దాం.

అసలు మాట అన్నది ఎవరయ్యా అంటే, పునుగులు వేస్తున్న హోటలక్క. ఆవిడ మ్యాచ్‌కి రాలేదు. ఎవరో ఫోన్లో చూపిస్తే పెనం మీద ఒక కన్ను, ఫోన్ మీద ఒక కన్ను వేసి చూసి, "ఆ పిల్లోడు కాలు పట్టుకునే ఉన్నాడుగా అన్నాయ్, పక్కనోడు రాడేంటి?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్లేటు చట్నీ అడిగారు.

పక్కనోడు రాడేంటి? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే డిఫెన్స్ మొత్తం విప్పి చూడొచ్చు.

మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. అంటే మధ్య గీతకి ఒక్కో పక్కన ఆరున్నర మీటర్లు. కూతకి వచ్చినవాడు ఎవర్నీ తాకకపోతే కనీసం 3.75 మీటర్ల దగ్గరున్న బాక్ లైన్ దాటి వెళ్లాలి, లేకపోతే వాడే ఔటు. ఇంకో మీటరు లోపలికి బోనస్ గీత. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు ఆ గీత దాటి ఒక కాలు పెట్టి, రెండో కాలు గాల్లో ఉంచితే ఒక పాయింటు. ఈ బోనస్ ఆశే రైడర్ని మూలకి లాక్కొస్తుంది. కార్నర్ కాచుకుని ఉండేది సరిగ్గా ఆ కాలి కోసమే.

కాలు దొరికింది అనుకోండి. అక్కణ్ణుంచి మధ్య గీతకి 4.75 మీటర్లు. ఆరడుగుల మనిషి ముందుకి పడి చెయ్యి చాపాడంటే అందులో ఇంచుమించు సగం దూరం అయిపోయినట్టే. మిగతా సగం కాలు పట్టుకున్నవాణ్ణి ఈడ్చుకుంటూ పోవాలి. బలమున్నవాడికి అది పెద్ద పని కాదు. వేలి కొస గీతకి తగిలిందా, పట్టుకున్నవాడు ఔటు, పక్కనుంచి చెయ్యి వేసినవాడు కూడా ఔటు. అంటే కార్నర్ చీలమండ పట్టుకున్నప్పుడు మనిషి ఆగిపోడు, నెమ్మదిస్తాడు అంతే. ఆపాల్సింది కవర్. కార్నర్ కాలు పట్టిన క్షణంలోనే కవర్ భుజంతో గుద్దాలి, లేదా నడుం దగ్గర పడాలి, లేదా ఎదురుగా అడ్డం నిలవాలి. ఇద్దరూ కలిస్తేనే ఒక పట్టు. స్కోరు పుస్తకంలో మాత్రం ఒకడి పేరే రాస్తారు.

ఇప్పుడు వీడియో. గోడెక్కి కూర్చున్న ఒక కుర్రాడు ఫోన్లో తీశాడు. సగం సేపు వాడి చెప్పులే కనిపిస్తాయి, మిగతా సగం పనికొస్తుంది. మూడు కూతలు చెబుతాను.

మొదటిది ఆట మొదలైన కాసేపటికే. వాళ్ల పొడుగు రైడరు మన ఎడమ మూలకి వచ్చాడు, బోనస్ కోసం కాలు పెట్టాడు. (గ్రౌండుకి అటు పక్క కూర్చున్నవాళ్లకి అది కుడి మూల అనిపిస్తుంది. ఆడేవాడు రైడరుకి ఎదురుగా నిలబడినప్పుడు ఏది ఎడమో అదే ఎడమ. సోమవారం సగం గొడవ దీని మీదే అయ్యింది.) మన పిల్లోడు తొందరపడలేదు. కాలు నేల మీద పడేదాకా ఆగి, వంగి, రెండు చేతుల్తో చీలమండ పట్టాడు. తల పక్కకి పెట్టాడు, మోకాలి తన్ను తగలకుండా. చూడముచ్చటైన పట్టు. అప్పుడు ఎడమ కవర్ రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఒక అడుగు వేశాడు, ఆగాడు, మళ్లీ కదిలాడు. వీడియో ఆపి ఆపి చూస్తేనే ఆ ఆగడం తెలుస్తుంది. ఈలోపు రైడరు పడ్డాడు, లేచాడు, పిల్లోణ్ణి ఈడ్చుకుంటూ పోయి గీత తాకేశాడు. వాళ్లకి బోనస్ ఒకటి, పిల్లోడి పాయింటు ఒకటి.

రెండోది పదిహేను నిమిషాల తర్వాత. అదే రైడరు, అదే మూల. ఈసారి పిల్లోడు ఆగలేదు. వాడు ఇంకా కాలు పెట్టకముందే ఎదురుగా దూకి నడుం పట్టబోయాడు. రైడరు ఒళ్లు విదిలించి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. జనం హోరు. "ఎగబడతాడేంట్రా వాడు!" అని నా వెనకనుంచి ఎవరో అరిచారు కూడా. టీ కొట్టు దగ్గర అందరికీ గుర్తున్నది ఈ కూతే. ఆడు ఆగడం లేదని మాస్టారు అన్నది దీని గురించే. నిజమే, ఆగలేదు. కానీ పదిహేను నిమిషాల ముందు ఆగి, పట్టి, పక్కన ఎవరూ లేక ఈడ్చుకుపోబడ్డ పిల్లోడు రెండోసారి ఎందుకు ఆగుతాడు? సాయం రాదని ఒకసారి తెలిశాక ఒక్కడే అయ్యేది అవుతుందని దూకాడు. రెండో కూతలో తప్పు మొదటి కూతలో పుట్టింది.

మూడోది చివర్లో. మన వైపు ముగ్గురే మిగిలారు. పిల్లోడు, కుడి కార్నర్, కుడి కవర్. ముగ్గురో అంతకంటే తక్కువో ఉన్నప్పుడు పట్టుకుంటే అది సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. కుడి కార్నర్ కాలికి వెళ్లాడు, వెళ్లీ వెళ్లకముందే కుడి కవర్ భుజం తగిలింది, పిల్లోడు అటుపక్క నుంచి పరుగున వచ్చి గీతకీ రైడరుకీ మధ్య అడ్డం పడ్డాడు. అయిపోయింది. ఆ కుడి పక్క ఇద్దరూ ఊళ్లోనే ఉంటారు, రొయ్యల చెరువుల మీద పని, రోజూ సాయంత్రం కలిసి ఆడతారు. ఈ కూత గురించి సోమవారం ఒక్కరూ మాట్లాడలేదు. ఓడిన మ్యాచ్‌లో బాగున్నది ఎవరికీ అక్కర్లేదు.

మనకి కూత పెట్టేవాడే హీరో. ఇది కోడూరు జబ్బు మాత్రమే కాదు. తెలుగు టైటాన్స్ అభిమానులు గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, ఇన్నేళ్లలో మనం పేర్లు పెట్టి పిలుచుకున్నది ఎవర్ని? రాహుల్ చౌదరి, తర్వాత పవన్ సెహ్రావత్. డిఫెండర్ల పేర్లు అడిగితే విశాల్ భరద్వాజ్ దగ్గర ఆగిపోతాం. 2023 వేలంలో పవన్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. ప్రో కబడ్డీలో అప్పటిదాకా ఏ ఆటగాడికీ అంత రేటు పలకలేదు. ఆ సీజన్లో 22 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచాం. దానికి ముందు రెండు సీజన్లు కూడా కలుపుకుంటే 66 మ్యాచ్‌ల్లో 5 గెలుపులు. మా ఇంట్లో టీవీ రిమోట్ ఆ మూడేళ్లలోనే అరిగిపోయింది. అదే 2023 వేలంలో పుణెరి పల్టన్ వాళ్లు 2 కోట్ల 35 లక్షలు పెట్టి ఇరాన్ కుర్రాడు మహమ్మద్‌రెజా షాద్లూయిని కొన్నారు. ఎడమ కార్నర్. ఆ ఏడాది కప్పు వాళ్లదే. షాద్లూయి ఒక్కడి వల్లే గెలిచారని నేననను, అతనికి కూత కూడా వచ్చు, మిగతా జట్టూ గట్టిదే. కానీ మూల కోసం కూడా కోట్లు పెట్టాలని వాళ్లకి తోచింది.

2025 సంగతి చూడండి. ఆగస్టు 29న విశాఖలో సీజను మొదలైంది. మొదటి ఆటలోనే తమిళ్ తలైవాస్ చేతిలో 35-38 తేడాతో ఓడాం. అయినా విజయ్ మాలిక్ కెప్టెన్సీలో పుంజుకుని అక్టోబరులో క్వాలిఫయర్ 2 దాకా వెళ్లాం. మొంథా తుపాను వచ్చిన వారమే ఆ మ్యాచ్ పడింది. పడిపోయిన వరి చేలు చూసొచ్చి, కరెంటు వచ్చాక ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని చూసినవాళ్లం ఉన్నాం. భరత్ హుడా ఒక్కడే ఇరవైకి పైగా పాయింట్లు తెచ్చాడు. టైటాన్స్ మొత్తం స్కోరు 45. పుణెరి పల్టన్ 50. నలభై అయిదు చేసి ఓడిపోయిన మ్యాచ్‌లో కూతని ఏమని తప్పు పడతాం?

దేశం మొత్తానికీ ఈ పాఠం ఒకసారి గట్టిగానే పడింది. 1990లో ఆసియా క్రీడల్లో కబడ్డీ చేర్చినప్పటి నుంచి 2014 దాకా మగవాళ్ల స్వర్ణాలు ఏడూ మనవే. 2018లో జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో మనల్ని ఇంటికి పంపింది. మన రైడర్లకి పేరుకేం తక్కువ? కానీ ఆ రోజు మనకొచ్చింది పద్దెనిమిదే. ఎడమ కార్నర్లో ఫజల్ అత్రాచలీ, అతని పక్కన అతను కదిలితే కదిలేవాళ్లు. ఇరాన్‌వాళ్ల పట్టు చూస్తే ఒకడు పడ్డ చోట నలుగురు పడతారు. ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేంత కాలం కలిసి ఆడినవాళ్లకే అది వస్తుంది.

మళ్లీ మన ఎడమ కవర్ దగ్గరికి వస్తాను. ఆ ఒక్క అడుగు వేసి ఎందుకు ఆగాడు?

అతని పేరు రాయను. ఊళ్లో అందరికీ తెలుసు, బయటివాళ్లకి అవసరం లేదు. హైదరాబాదులో బండి మీద పార్సిళ్లు అందించే పని. మంగళవారం రాత్రి ఫోన్ చేశాను. ముందు మాట తప్పించాడు, చలి అన్నాడు, బస్సులో నిద్ర లేదన్నాడు. వీడియో చూశానని చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

"నిజం చెప్పమంటారా బాబాయ్? పిల్లోడు బానే పట్టాడు. నేను పడాల్సింది. ఆ నేల చూశారుగా. కిందటేడు అక్కడే పడి మోచెయ్యి లేచిపోయింది. పదకొండు రోజులు బండి తోలలేదు. తోలకపోతే రోజుకి రూపాయి రాదు. గది అద్దె ఎవరు కడతారు? పడదామనే కదిలాను. ఒళ్లు ఆగిపోయింది."

ఒళ్లు ఆగిపోయింది అన్న మాట దగ్గర నాకు టీ కొట్టు పంచాయతీ అంతా గుర్తొచ్చింది. కార్నర్ బరువు, జాతకం, ఆగడం తెలీదు, అన్నీ. అసలు కారణం ఆ చెరువు పక్క నేల. డెల్టా నల్లమట్టి సంగతి చెప్పేదేముంది, తడిస్తే బంక, ఎండితే పెంకు. నాలుగు రోజులు ఎండ కాస్తే దాని మీద మనిషి పడ్డప్పుడు కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడవుతుంది. టీవీలో వాళ్లు మ్యాట్ మీద పడతారు. మనవాడు పెంకు మీద పడాలి, పడి సోమవారం పొద్దున్నే హైదరాబాదులో బండి తియ్యాలి. ఆ అర సెకను వెనకాడటం పిరికితనం అందామా? నేననను. నెల జీతం వచ్చేవాడు అంటే అనొచ్చేమో, వాడు కూడా ఒకసారి అక్కడ పడి చూశాక అనాలి.

ఇక పాతాయన. పదేళ్లకి పైగా మన ఎడమ మూల ఆయనదే. చీలమండ పట్టాడంటే అవతలివాడు చొక్కా వదిలేసి పోవాల్సిందే గానీ కాలు తీసుకుపోలేడని చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు మోకాలు బాలేదు. మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగుతాడు. టీ కొట్టు తీర్పు ఆయన చెవిన కూడా పడింది. సంతోషించాడేమో అనుకుంటూ వెళ్లాను. రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాల పక్కన కూర్చుని ఉన్నాడు.

"నన్ను దింపితే రెండు మ్యాచ్‌లు లాగుతానండి. మూడోదానికి కుంటుకుంటూ బయటికొస్తా. అప్పుడు మళ్లీ ఆ పిల్లోణ్ణే దింపాలిగా? తీసేసి మళ్లీ దింపితే వాడు ఎట్టా ఆడతాడు?" అన్నాడు. కాసేపాగి, "నాకు ఆ పట్టు రావడానికి మూడు సంక్రాంతులు పట్టింది. నేను పోగొట్టిన పాయింట్లకి లెక్కేలేదు. అప్పుడు ఫోన్లు లేవు కాబట్టి బతికిపోయా" అని నవ్వాడు.

ఫోన్లు లేవు అన్నది ఊరికే అనలేదు. ఆ రెండో కూత ముక్కని మాత్రం కత్తిరించి, వెనకాల సినిమా డైలాగు పెట్టి, చివర బ్రహ్మానందం స్టిక్కరు అతికించి సోమవారం మధ్యాహ్నానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వదిలారు. నాకే మూడు గ్రూపుల్లో వచ్చింది. పిల్లోడికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. సోమవారం ప్రాక్టీసుకి రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం వాళ్లమ్మ చేపలు కొనడానికి వచ్చినప్పుడు ఎవరో "మీవాడి వీడియో చూశాం పిన్నీ" అన్నారట. ఆవిడ చేపలు కొనకుండానే వెళ్లిపోయింది. ఆ ముక్క చేసినవాడు కూడా మన జట్టు అభిమానే, అది మర్చిపోకండి. జట్టు మీద ప్రేమతోనే చేశాడట. గురువారం నేను అడిగితే తన ఫోన్లోంచి తీసేశాడు. మిగతా రెండొందల ఫోన్ల సంగతి ఎవరు చూస్తారు?

నా లెక్క చెబుతాను, నచ్చితే తీసుకోండి. పిల్లోడు ఎడమ కార్నర్లోనే ఉండాలి. పాతాయన దిగాలి, కానీ కవర్లో, పిల్లోడి పక్కన. కవర్ పనికి వంగి కాలు పట్టక్కర్లేదు, భుజం కావాలి, సమయం తెలియాలి. మోకాలు పోయినా ఆ రెండూ ఆయన దగ్గరున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లోడు కాలు పడితే పక్కన ఒక మనిషి వచ్చి పడతాడన్న నమ్మకం వాడికి రావాలి. నాలుగు కూతల్లో వస్తే చాలు, ఎగబడటం దానంతటదే తగ్గుతుంది.

మరి హైదరాబాదు అబ్బాయి? ఈ మాట మీద నాకూ పాతాయనకీ పడలేదు. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టమని నేనన్నాను. "రెండు వందల మైళ్లు వచ్చి కూర్చోడానికా?" అని ఆయన కసిరాడు. సెంటర్లో ఆడిస్తే పడే పని తక్కువ, గొలుసు కట్టే పని ఎక్కువ, అక్కడ పెట్టమంటాడు. ఆలోచిస్తే అదే మెరుగేమో.

నేల సంగతి మాత్రం అభిమానుల చేతిలోనే ఉంది. మ్యాట్ కొనే స్తోమత మనకి లేదు, ఆ మాట ఎత్తొద్దు. ట్రాక్టరుకి రోటవేటరు కట్టి ఆ జాగా జానెడు లోతు తిప్పి, గడ్డలు పగలగొట్టి, పైన నాలుగైదు బస్తాల ఊక, రంపపు పొట్టు కలిపి, ముందు రోజు సాయంత్రం నీళ్లు చల్లితే చాలు. పూర్వం కుస్తీ గోదాలకి చేసింది ఇలాంటి పనే. ఇసుక కలిపితే ఇంకా మంచిదే గానీ ఇసుక గురించి రాస్తే రాజకీయం అవుతుంది, ఊక దగ్గర ఆగుదాం. సోమవారం టీ కొట్టు దగ్గర తీర్పు చెప్పిన ఎనిమిది మందిలో ఇద్దరికి ట్రాక్టర్లున్నాయి. పేర్లు వద్దులెండి.

రెండోది డబ్బు. ఏటా సంక్రాంతికి వచ్చే ప్రైజు డబ్బులు బిర్యానీకీ, టీ షర్టులకీ పోతాయి. ఈసారి అందులో సగం తీసి పక్కన పెట్టమని జట్టు పెద్దలకి నా మనవి. ఎవడైనా దెబ్బ తగిలి పనికి పోలేకపోతే ఆ రోజుల కూలి అందులోంచి ఇవ్వాలి. బీమా ఉందిగా అన్నారు ఒకరు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది, ఏడాదికి 20 రూపాయలు, బ్యాంకు ఖాతాలోంచే కట్ అవుతుంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యం వస్తే లక్ష. ఆడేవాళ్లందరూ కట్టుకోండి, ఇరవై రూపాయలంటే రెండు టీలు. కానీ మోచెయ్యి లేచి పదకొండు రోజులు ఇంట్లో కూర్చుంటే అందులో పైసా రాదు. పైగా 18 నిండినవాళ్లకే అది, మన ఎడమ కార్నర్‌కి ఇంకా ఏడాది ఉంది. కాబట్టి మనకి మనమే ఒక డబ్బా పెట్టుకోవాలి. హోటలక్క తన కౌంటరు మీద పెడతానంది. మొదటి వంద ఆవిడే వేసింది.

ఇది రాస్తున్నది శుక్రవారం పొద్దున. ఒక ట్రాక్టరు ఒప్పుకుంది, మధ్యాహ్నం వస్తానన్నారు. పాతాయన పిల్లోడి ఇంటికి నిన్న రాత్రి వెళ్లొచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు గానీ తన పాత మోకాలి పట్టీలు అక్కడ వదిలేసి వచ్చాడట. హైదరాబాదు అబ్బాయి రేపు రాత్రి బస్సుకి టికెట్ తీసుకున్నాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ ప్రాక్టీసు మ్యాచ్ ఉంది. వచ్చేవాళ్లు గోడ పక్కన కాకుండా చెరువు గట్టు వైపు కూర్చోండి. అక్కణ్ణుంచి చూస్తే కవర్ కాళ్లు బాగా కనిపిస్తాయి.